ఇరానీ హోటల్లో ఇరాన్ లేదు

ఆహారం మనుషులను కలుపుతుందని, పరాయి దేశపు వంట రుచి చూసినవాడికి ఆ దేశపు మనిషి మీద ప్రేమ పుడుతుందని ఆదివారం అనుబంధాల్లో తరచూ చదువుతుంటాం. వలస వచ్చినవారు పెట్టుకున్న రెస్టారెంట్లను సంస్కృతుల మధ్య వారధులంటారు. రాసేవారి మనసు మంచిదే, కాదనను. కానీ ఆ మాటే నిజమైతే మన దేశంలో చైనా సంతతి కుటుంబాలను నెత్తిన పెట్టుకుని చూసుకుని ఉండాలి. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా సాయంత్రమైతే బండి మీద నూడుల్స్ వేయించని ఊరు దాదాపు లేదు. పెళ్లి విందులో గోబీ మంచూరియా కనబడకపోతే ఏదో లోటు జరిగినట్టు చూసే కాలం ఇది. మరి మనలో ఎంతమందికి ఒక్క చైనా సంతతి భారతీయుడితోనైనా పరిచయం ఉంది?

ఆ కథ కొంచెం చెప్పుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే వ్యాపారి కలకత్తాకు దిగువన, గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ ఇచ్చిన భూమిలో చక్కెర మిల్లు పెట్టాడు. ఆ చోటును ఇప్పటికీ అచీపూర్ అంటారు. అతని వెనక వచ్చినవారిలో వడ్రంగులున్నారు, బూట్లు కుట్టేవారున్నారు, పళ్లు కట్టేవారున్నారు. హక్కాలనే చైనా తెగవారు కలకత్తాలోని టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ పెట్టారు. అగ్రకులాలు తోలు ముట్టవు గనుక ఆ పని వారికి దక్కింది. 1920ల నాటికే కలకత్తా వాసులు చైనా హోటళ్లకు అలవాటు పడ్డారు. ఇక 1962 యుద్ధం వచ్చింది. అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్ వైపు ఉంటున్న చైనా సంతతివారిని సుమారు 3,000 మందిని రైళ్లెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ నిర్బంధ శిబిరానికి తరలించారు. వారిలో చాలామంది ఇక్కడే పుట్టినవారు. అస్సామీ, బెంగాలీ, నేపాలీ మాట్లాడుతూ పెరిగినవారు. కొందరు 1967 దాకా బయటపడలేదు. బయటపడేసరికి ఇళ్లు, దుకాణాలు చేతిలో లేవు. చాలామంది తరువాతి కాలంలో కెనడా వెళ్లిపోయారు. వారి హోటళ్లలో తిన్నవారెవరూ అప్పుడు గొంతెత్తినట్టు నేనెక్కడా చదవలేదు.

ఆ యుద్ధం జరిగిన పదమూడేళ్లకు, 1975లో, కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు బొంబాయి క్రికెట్ క్లబ్బులో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, మసాలా పొడికి బదులు సోయా సాస్, మొక్కజొన్న పిండి కలిపి చికెన్ మంచూరియా చేశాడంటారు. దేశమంతా ఎగబడి తిన్నది. దేవ్‌లీ సంగతి మాత్రం ఇప్పటికీ చాలామంది వినలేదు. వంటకం ఇంటింటికీ చేరింది, దాని వెనకున్న మనుషుల కథ చేరలేదు.

ఇంగ్లండ్ సంగతీ అంతే. అక్కడ మొదటి భారతీయ హోటల్‌ను దీన్ మహమ్మద్ 1810లో లండన్‌లో తెరిచి, రెండేళ్లు తిరగకుండానే దివాలా తీశాడు. 1926లో ఎడ్వర్డ్ పామర్ రీజెంట్ స్ట్రీట్‌లో పెట్టిన వీరాస్వామి దొరల హోటల్. సామాన్యుడి కర్రీ హౌస్ మాత్రం ఓడ బాయిలర్ల దగ్గర బొగ్గు వేసి వేసి, లండన్ రేవులో దిగిపోయిన సిల్హెట్ నావికుల కష్టం. వారిది నేటి బంగ్లాదేశ్, బోర్డు మీద రాసుకున్నది 'ఇండియన్' అని. తిన్నవాడికి ఆ తేడా అక్కరలేదు, కనుక వండినవాడు చెప్పే ప్రయత్నమూ చేయలేదు. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను బ్రిటన్ జాతీయ వంటకమని మెచ్చుకుంటే మనవాళ్లు పొంగిపోయారు. అంతకు ఇరవై మూడేళ్ల ముందు, 1978 మే 4న, బ్రిక్ లేన్ పక్కనే అల్తాబ్ అలీ అనే బెంగాలీ కుట్టుపనివాణ్ణి, పని నుంచి ఇంటికి వెళ్తుండగా, జాతి ద్వేషంతో పొడిచి చంపారు. ఆ రోజుల్లో అదే వీధి మొగలో ఆదివారాలు వలసదారులను ద్వేషించే నేషనల్ ఫ్రంట్ పార్టీ కార్యకర్తలు తమ పత్రిక అమ్ముకునేవారు. ఇంగ్లండ్ అప్పటికే కూర తినడం మరిగింది. నాలుక మారినంత తేలిగ్గా బుర్ర మారదు.

అలాగని ఈ హోటళ్లు ఏమీ చేయవని అనడం లేదు. చేస్తాయి. చాలా పెద్ద పనే చేస్తాయి. కానీ ఆ పని చేసేది వంటకం కాదని, మనం వెతకవలసిన చోట వెతకడం లేదని నా వాదన. దానికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం హైదరాబాద్‌లోని ఇరానీ హోటల్.

పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరాన్‌లోని యజ్ద్ చుట్టుపక్కల పల్లెల్లో బతుకు గడవనివారు పొట్ట చేత పట్టుకుని బొంబాయిలో దిగారు. కొందరు అక్కడే ఆగారు. కొందరు పుణే మీదుగా నిజాం రాజ్యానికి వచ్చారు. బొంబాయిలో స్థిరపడినవారిలో జొరాస్ట్రియన్లు, అంటే పార్సీల మతంవారు, ఎక్కువైతే, హైదరాబాద్ చేరినవారిలో షియా ముస్లింలు ఎక్కువ. వచ్చినవారు కూడళ్లలో మూల దుకాణాలు చూసి అద్దెకు తీసుకున్నారు. మూల స్థలం, వీధిపోటు అంటూ స్థానిక వ్యాపారులు వెనకాడిన చోట్లు వారికి చవకగా దొరికాయని చెబుతారు. రెండు వైపులా గాలి, రెండు వీధుల గిరాకీ. మన వాస్తు భయం ఇంకొకరికి ఇంత కలిసిరావడం నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ హోటల్లో అమ్మేవాటిని ఒక్కొక్కటిగా చూడండి. ఇరాన్‌లో చాయ్‌లో పాలు పోయరు. సమోవార్ అనే నీళ్లు కాచే పాత్ర మీద కాగిన ఎర్రటి చాయ్‌ని, పంటి కింద చక్కెర ముక్క పెట్టుకుని చప్పరిస్తూ తాగుతారు. మన ఇరానీ చాయ్‌కి పాలే ప్రాణం. పాలను గంటల తరబడి మరిగించి చిక్కబరుస్తారు. డికాక్షన్‌ను మూతపెట్టి, గుడ్డ చుట్టి, దమ్ మీద ఉంచుతారు. రెండూ కలిసేది కప్పులోనే. పౌనా అడిగితే పాలు ఎక్కువ, సులేమానీ అడిగితే పాలే ఉండవు. ఆకు అస్సాంది, పాలు చుట్టుపక్కల పల్లెల గేదెలవి. పక్కన పెట్టే ఉస్మానియా బిస్కెట్టు చివరి నిజాం పేరు మోస్తున్నది. కీమా కూరిన లుక్మీ హైదరాబాదీ ఇళ్ల వంట. అసలు చాయ్ తాగడమే మన జనానికి కొత్త. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో తేయాకు కంపెనీలు ఊరూరా తిరిగి ఉచితంగా పోసి అలవాటు చేశాయి. యజ్ద్ నుంచి వచ్చినవాడు తన ఇంట్లో తల్లి వండిన వంటలను గిరాకీ ముందు పెట్టలేదు. ఏది అమ్ముడుపోతుందో చూసుకుని అది అమ్మాడు. తన సొంత తిండిని వెనక గదిలోనే తిన్నాడు.

సంస్కృతిని రుచుల ద్వారా పంచుకోవడమనే లెక్కన చూస్తే ఇరానీ హోటల్ పూర్తిగా తప్పిపోయిన పరీక్ష. అయినా హైదరాబాద్‌లో మనుషులను ఒకచోట చేర్చినవాటిలో దానికి సాటి వచ్చేవి తక్కువ. ఎలా?

ఒక బల్ల వేసి, దాని చుట్టూ నాలుగు కుర్చీలు వేసి, ఎవరు వచ్చి కూర్చున్నా అడగకుండా ఉండడం వల్ల. పాలరాతి పలక పరిచిన బల్ల, వంపు చెక్క కుర్చీలు, గోడకు పెద్ద అద్దం, తలుపు పక్కన గల్లాపెట్టె. బల్ల ఖాళీ అయ్యేదాకా ఆగే పద్ధతి లేదు. ఒక్క కుర్చీ ఖాళీగా ఉంటే చాలు, ముక్కూ మొహం తెలియనివాడి ఎదురుగా కూర్చోవచ్చు. డబ్బు తక్కువైతే ఒక చాయ్‌ని ఇద్దరు రెండు కప్పుల్లో పోయించుకోవచ్చు. కోర్టు గుమాస్తా, రిక్షా కార్మికుడు, కరీంనగర్ నుంచి పరీక్షకు వచ్చిన విద్యార్థి, ఉర్దూ కవి, లారీ ఆఫీసు బ్రోకరు ఒకే బల్ల దగ్గర మోచేతులు ఆనించిన చోటు అది. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, కమ్యూనిస్టులు, పత్రికలవాళ్లు గంటల తరబడి కూర్చునేవారని పాతతరం చెప్పుకునేది. 1935లో ఇరానీలు తెరిచిన గ్రాండ్ హోటల్ ఆబిడ్స్‌లో ఇప్పటికీ నడుస్తోంది.

ఇది ఎంత పెద్ద విషయమో అర్థం కావాలంటే అదే కాలంలో మన సొంత హోటళ్లు ఎలా ఉండేవో గుర్తుచేసుకోవాలి. కోస్తా పట్టణాల్లో 'బ్రాహ్మణ భోజన హోటల్' అనే బోర్డులు మామూలు. అందులో వండేవారి కులం చెప్పడం సగం ఉద్దేశం, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడం మిగతా సగం. మద్రాసులో ఆ బోర్డు తీయించడానికి 1957లో పెరియార్ అనుచరులు ట్రిప్లికేన్‌లోని ఒక హోటల్ ముందు రోజుల తరబడి సత్యాగ్రహం చేసి అరెస్టులవవలసి వచ్చింది. పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఇటీవలి దశాబ్దాల దాకా ఉన్నదని, కొన్నిచోట్ల వేషం మార్చుకుని ఇంకా ఉన్నదని మన పత్రికలే రాశాయి. మన మనిషి పెట్టిన కొట్టులో మన మనిషికి వేరే గ్లాసు. పరదేశి పెట్టిన హోటల్లో ఒకరు తాగిన కప్పే కడిగి మరొకరికి. ఆ యజమానికి మన కులాలు తెలియవు. తెలిసినా అతని వ్యాపారానికి వాటితో పని లేదు. అతని కులమేమిటో మనకూ తేలదు. ఈ రెండు తెలియనితనాల మధ్య మనకు ఒక బల్ల దొరికింది.

అందుకే వలస వచ్చినవాడి హోటల్లో జరిగే పెద్ద ఇచ్చిపుచ్చుకోలు అతనికీ మనకూ మధ్య జరిగేది కాదంటాను. అది మనకూ మనకూ మధ్య జరుగుతుంది. అతను స్థలమిస్తాడు.

నా మటుకు నేను చదువుకునే రోజుల్లో సికింద్రాబాద్ స్టేషన్ వైపు ఒక ఇరానీ హోటల్‌కు అలవాటు పడ్డాను. గల్లా దగ్గర కూర్చునే పెద్దాయన పేరు నాకు తెలియదు. ఆయన ఊరేదో, ఎప్పుడు వచ్చారో, ఇంట్లో ఫార్సీ మాట్లాడతారో లేదో తెలియదు. కానీ నా ఎదురు కుర్చీలో తరచూ కూర్చునే ఒక ముసలి కాతిబ్ మాత్రం బాగా తెలుసు. ఉర్దూ పత్రికల్లో కలం పట్టి పేజీలకు పేజీలు రాసినవాడు. కంప్యూటర్ వచ్చాక పెళ్లి పత్రికలకు పరిమితమయ్యాడు. ఆయన ఉర్దూ, నా కృష్ణా జిల్లా తెలుగు మధ్యలో ఎక్కడో కలిసేవి. అలిఫ్, బే, పే ఎలా ఉంటాయో బల్ల మీద నీటి చుక్కతో గీసి చూపించాడు. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ నేను పాతబస్తీ మనిషితో అంతసేపు మాట్లాడిన చోటు మరొకటి లేదు. మా కాలేజీలో ముస్లిం విద్యార్థులు లేరా అంటే ఉన్నారు. ఎవరి బెంచీ వారిది.

ఈ బల్ల అందరిదీ అని కూడా అనలేను. ఆడవాళ్లకు అక్కడ చోటు లేదు. ఉంటే గింటే తెర కట్టిన ఫ్యామిలీ గదిలో, అదీ మగవాళ్లతో వస్తేనే. ఆ రోజుల్లో మా క్లాసు అమ్మాయిలను ఇరానీ హోటల్ గురించి అడిగితే బయట నుంచి చూసిన పొగ గుర్తుందనేవారు. సగం జనాభాను బయట నిలబెట్టిన ప్రజాస్వామ్యాన్ని గురించి మరీ కన్నీళ్లు పెట్టుకోనక్కరలేదు. ఆ యజమాని గొప్ప ఆశయంతో బల్ల వేశాడనుకోవడం కూడా పొరపాటే. అతనికి గల్లా నిండాలి. ఎక్కువసేపు కూర్చుంటే బేరర్ వచ్చి తడిగుడ్డతో బల్ల తుడుస్తూ మన కప్పు ఎత్తేసేవాడు. చవకగా అమ్మి, ఎక్కువమందికి అమ్మి, తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా అమ్మితేనే అతని లెక్క కుదిరేది. ఆ లెక్కలోంచే మనకు ఆ చోటు వచ్చింది.

ఇక వచ్చినవాడికీ ఉన్నవాడికీ మధ్య అసలు రాకపోకలు ఎక్కడ జరిగాయంటే, వంటగదిలో. రెడ్‌హిల్స్‌లో 1978లో మొదలైన కేఫ్ నిలోఫర్ కథ హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. ఆదిలాబాద్ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన బాబూరావు అక్కడ ఊడ్చే, తుడిచే పనిలో చేరి, చాయ్ పెట్టడం నేర్చుకుని, కేఫ్‌ను నడపడానికి తీసుకుని, చివరికి దాని యజమాని అయ్యారు. ఇప్పుడు ఇరానీ చాయ్ పేరు చెబితే నగరంలో ఎక్కువమంది తలచుకునేది ఒక తెలుగువాడి కేఫ్‌ను. ప్యారడైజ్ కూడా 1953లో సికింద్రాబాద్‌లోని ప్యారడైజ్ టాకీస్‌ను అంటిపెట్టుకుని ఇరానీ కుటుంబం నడిపిన చిన్న కేఫే. చాయ్ సమోసాలతో మొదలై బిర్యానీకి మారుపేరైంది. హైదరాబాద్ బిర్యానీని లోకానికి మోసుకెళ్లినవారిలో ఇరానీలున్నారు, ఇరానీ చాయ్‌ని నిలబెట్టినవారిలో తెలంగాణ పల్లెవాళ్లున్నారు. ఎవరు ఎవరికి ఏమిచ్చారో లెక్కగట్టడం ఇక్కడ కష్టం. గిరాకీగా వచ్చి తిని పోయినవాడికి ఈ రాకపోకలతో సంబంధం లేదు. పక్కపక్కన నిలబడి చెమటోడ్చినవారి మధ్యే అవి జరిగాయి.

మండీ అనే వంటకం దగ్గరకు వద్దాం. ఇది ఇంకో వలస కథ. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో కొలువు చేశారు. వారి వారసులు హైదరాబాద్‌లోని బార్కస్‌లో ఉంటున్నారు. హైదరాబాద్ కొలువులో సంపాదించిన డబ్బుతో ఖుఐతీ అనే కుటుంబం హద్రమౌత్‌లోని ముకల్లాలో ఏకంగా ఒక రాజ్యమే స్థాపించి 1967 దాకా ఏలింది. మన హలీంకు వారి హరీస్‌తో చుట్టరికం ఉంది. గొయ్యి పొయ్యిలో మాంసాన్ని వేలాడదీసి, దాని రసం కింది అన్నంలోకి కారేలా వండే మండీ వారిదే. గల్ఫ్ వెళ్లివచ్చినవారి చలవతో ఈ శతాబ్దంలో బార్కస్‌లో హోటళ్లు పెరిగాయి. తరువాత ఆ వంటకం బార్కస్ దాటి విజయవాడ, గుంటూరు, కరీంనగర్, రాజమహేంద్రవరం చేరింది. నాటుకోడి మండీ వచ్చింది. రొయ్యల మండీ వచ్చింది. పక్కన గోంగూర చట్నీ పెట్టేవారూ ఉన్నారు. రోడ్డు పక్కన ఒంటె బొమ్మ, ఖర్జూరపు చెట్టు ప్లాస్టిక్‌ది, లోపల తెర కట్టిన గదులు, నేల మీద దిండ్లు. యజమాని తెలుగువాడు, వండేవాడు బిహార్ లేదా ఒడిశా నుంచి వచ్చినవాడు, బార్కస్ మనిషి ఎక్కడా లేడు.

దీన్ని చూసి మూతి విరవాలో మెచ్చుకోవాలో నాకు తేలలేదు. ఎంగిలి పట్టింపుతో పెరిగిన మన ఇళ్ల పిల్లలు, నలుగురు నాలుగు కులాలవాళ్లు, ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టి తింటున్నారు. మా అమ్మమ్మ చూస్తే పొయ్యిలో కాలు పెట్టినంత ఉలికిపడేది. హద్రమౌత్ ఎడారి నుంచి వచ్చిన ఒక పళ్లెం మన ఇంటి నియమాన్ని చడీచప్పుడు లేకుండా చెరిపేసింది. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ నలుగురూ ముందే స్నేహితులు. తెర వేసి ఉంది. పక్క గదిలో ఎవరున్నారో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఇరానీ హోటల్లో ఇరాన్ వంట లేకపోయినా ఎదుట కొత్త మనిషి ఉండేవాడు. మండీ హోటల్లో యెమెన్ వంట ఉంది, ఎదుట మన ఫ్రెండ్సే. రెంటిలో ఒకటి కోరుకోమంటే నేను కొత్త మనిషినే కోరుకుంటాను.

మనమే వలసదారులమైన చోట ఏం చేశామో కూడా చూడాలి. ఢిల్లీ ఆంధ్ర భవన్ క్యాంటీన్ నాకు తెలిసినంతలో మనవాళ్లు బయట సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి. ఎవరూ అలా అనుకోరు గానీ నేను అనుకుంటాను. డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, పిలిచే దాకా నిలబడాలి, ఏ బల్ల దగ్గర ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలి. మంత్రిత్వ శాఖ గుమాస్తా పక్కన పంజాబీ కుటుంబం, ఎదురుగా విశ్వవిద్యాలయం పిల్లలు. వడ్డించేవాడు అన్నం, పప్పు, కూర, చారు వరసగా తెచ్చి మళ్లీ మళ్లీ వేస్తూనే ఉంటాడు. కంది పొడిలో నెయ్యి ఎలా కలుపుకోవాలో మొదటిసారి వచ్చినవాడికి పక్కవాడు చూపిస్తాడు. ఆ పక్కవాడు తెలుగువాడే కానక్కరలేదు. అక్కడ అలంకరణ ఏమీ లేదు, మన సంస్కృతి గురించి గోడ మీద వివరణలు లేవు. ప్రభుత్వ అతిథి గృహం క్యాంటీన్ గనుక ధర మధ్యతరగతికి అందుబాటులో ఉంటుంది, బల్లలు పొడవుగా ఉంటాయి. ఇంతకు మించి రహస్యమేమీ లేదు.

ఇప్పుడు నేనుంటున్న డాలస్ వైపు చూస్తే ఈ బల్ల ఎక్కడా కనబడదు. అమెరికాలో 2010 నుంచి 2017 మధ్య తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని, అంత వేగంగా మరే భాషా పెరగలేదని జనగణన విభాగం లెక్కల ఆధారంగా చెప్పారు. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో తెలుగు రెస్టారెంట్లు అందుకు తగ్గట్టే పెరిగాయి. ఉలవచారు బిర్యానీ, రాజుగారి కోడి పలావు, గోంగూర మటన్, పొట్లకాయ పెరుగు పచ్చడి కూడా దొరుకుతాయి. గోడ మీద టీవీలో తెలుగు పాటలు, కౌంటర్ దగ్గర తెలుగు సంఘాల కరపత్రాలు. సంతోషమే. ఇంటికి దూరంగా ఉన్నవాడికి ఇంటి తిండి దొరకడం కన్నా పెద్ద న్యాయం ఏముంటుంది? కానీ దీన్ని సంస్కృతుల కలయిక అని సభల్లో ఉపన్యాసాలు ఇస్తుంటే మాత్రం నాకు నవ్వు వస్తుంది. శనివారం సాయంత్రం ఆ హాల్లో కూర్చున్నవారంతా మనమే. తెలుగు రాని మనిషి కావాలంటే వంటగదిలోకి వెళ్లాలి. అక్కడ దోశ తిప్పుతున్నది చాలాచోట్ల మెక్సికో, గ్వాటెమాల, హోండురాస్‌ల నుంచి వచ్చిన మనిషి. 'ఉల్లిపాయ', 'కారం ఎక్కువ', 'పార్సిల్' అనే మాటలు అతనికి వచ్చేశాయి; మన వడ్డించే కుర్రాడికి నాలుగు ముక్కల స్పానిష్ వచ్చింది. బాబూరావు కథ అక్కడ మళ్లీ జరుగుతుందేమో. తోటకూర పప్పుకు తాలింపు వేయడం తెలిసిన గ్వాటెమాల మనిషి ఒకనాడు హ్యూస్టన్‌లో సొంత టిఫిన్ సెంటర్ పెడితే నేను ఆశ్చర్యపోను. అతని జీతం, పని గంటలు చూస్తే మాత్రం ఆ రోజు దగ్గరలో లేదనిపిస్తుంది.

మనం స్థానికుల బల్ల దగ్గరకు వెళ్లినప్పుడు ఏమవుతుందో చెప్పే ఒక సంఘటన ఉంది, దాన్ని తలచుకోకుండా ఈ విషయం రాయలేను. 2017 ఫిబ్రవరి 22న కన్సాస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్, మాదసాని అలోక్ ఆఫీసు పని ముగించుకుని అలవాటుగా వెళ్లే బార్ రెస్టారెంట్ వరండాలో కూర్చున్నారు. జాతి పేరుతో దూషించిన ఒకడిని అక్కడివారు బయటకు పంపేశారు. వాడు తుపాకీతో తిరిగి వచ్చి శ్రీనివాస్‌ను చంపాడు, అలోక్‌ను గాయపరిచాడు. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే స్థానిక యువకుడికీ తూటా తగిలింది. దీన్ని చెప్పి, చూశారా, ఎంత కలిసి కూర్చున్నా ఇంతే అని కొందరు అంటారు. నేనలా చదవను. ఆ ఇద్దరూ అక్కడ కొత్తవారు కాదు. హంతకుడి మాటలకు ఆ చోటు తలవంచలేదు, వాణ్ణి గెంటేసింది. తుపాకీ పట్టినవాడి వెంట పడిన మనిషి ఒకడు అక్కడ ఉన్నాడు. బల్ల ప్రాణం కాపాడలేకపోయింది. కానీ దేవ్‌లీ రైళ్లు కదిలినప్పుడు నాకు కనబడనిది ఒకటి ఆ వరండాలో కనబడింది.

ఇంతకూ మన రెస్టారెంట్లలో అమెరికన్లు కూర్చున్న రోజులు ఒకప్పుడు ఉన్నాయి. వారాంతం కాదు, మామూలు రోజుల మధ్యాహ్నం బఫే. పేర్లు పలకలేక ఇబ్బంది పడనక్కరలేదు, కళ్లెదుట ఉన్నది కొంచెం వేసుకుని చూడవచ్చు, నచ్చకపోతే వదిలేసి ఇంకోటి వేసుకోవచ్చు, ధర ముందే తెలుసు. ఆఫీసు నుంచి ఏడెనిమిదిమంది కలిసి వచ్చేవారు. రసాన్ని సూప్ అనుకుని గిన్నె నింపుకున్నవాడికి పక్కనున్న తెలుగు మనిషి అన్నంలో కలుపుకోవాలని చెప్పేవాడు. వాడు విని, అయినా సూప్‌లాగే తాగేవాడు. మాటా మాటా కలిసేది. అమెరికాలో మనం పెట్టిన ఇరానీ హోటల్ ఏదైనా ఉందంటే ఆ మధ్యాహ్నం బఫేనే. కోవిడ్ వచ్చాక చాలాచోట్ల అది ఎత్తేశారు, తిరిగి పెట్టినవారు తక్కువ.

మా దగ్గర్లోని ఒక రెస్టారెంట్ యజమానితో ఈ మాటే అన్నాను. ఆయన విసుక్కోలేదు, కాగితం తీసి లెక్క చెప్పారు. "బఫేలో మూడు గంటలు వేడిగా ఉంచిన కూర సాయంత్రం పారబోయాలండీ. మనవాళ్లు వస్తే మటన్ ట్రే ఒక్కటే ఖాళీ చేసి పోతారు. నాకు అద్దె కట్టిపెట్టేది ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీలు. వచ్చి తీసుకుపోతారు, బల్ల తుడిచే పని కూడా లేదు." ఆయన తప్పు మాట్లాడలేదు. సంస్కృతి పంచడం ఆయన మీద మోపవలసిన బరువు కాదు. బల్ల తుడవడానికి మనిషిని పెట్టుకోవాలంటే ఆ బల్ల దగ్గరకు జనం రావాలి, అంతే. ఇరానీ యజమానికి ఆ జనం దొరికారు గనుక మనకు ఆ చోటు దక్కింది.

చివరకు ఆయన ఒక బేరం పెట్టారు. బుధవారం మధ్యాహ్నం పాతికమందిని గ్యారంటీగా తెస్తే బఫే పెట్టి చూస్తారట, మటన్ లేకుండా. ఆఫీసులో అడగడం మొదలుపెట్టాను. ఒహాయో ఆయన వస్తానన్నారు, వియత్నాం ఆవిడ కారం తక్కువైతే వస్తానన్నారు. ఇప్పటిదాకా మటన్ గురించి గొడవ పెట్టుకున్నది మాత్రం మా టీములోని భీమవరం అబ్బాయి ఒక్కడే.